జింకు తొట్టిలో సీమ పులుపు

1938 వేసవిలో నన్ను జమ్మలమడుగు నుంచి కోయిలకుంట్ల పశువుల ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది కనుక మా బంధువులు పెళ్లిళ్లలో గొప్పగా చెప్పుకునేవారు. నేను చేసే పని మాత్రం కోడెలకు విత్తులు నొక్కడం, దొడ్డరోగం తగిలిన ఊళ్లలో పశువులకు టీకాలు వేయడం, కాలు విరిగిన ఎద్దు ఇక లేవదని రైతు ముఖం మీద చెప్పడం. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. నా పైన జిల్లా అధికారి, ఆయన పైన మద్రాసు, మద్రాసు పైన దేవుడు. వీళ్లలో సర్క్యులర్లు పంపనివాడు దేవుడొక్కడే.

ఆ రోజుల్లో కోళ్లు మా శాఖ లెక్కలోకి వచ్చేవి కావు. మేము చదివిన చదువులో కూడా గుర్రానికి నూరు పేజీలుంటే కోడికి నాలుగు. కోడికి జబ్బు చేస్తే చచ్చేలోపు కోసి కూర వండుకోవడమే ఊళ్లలో వైద్యం, ఆ వైద్యానికి మా అవసరం ఎవరికీ పడలేదు.

అలాంటి శాఖకు ఉన్నట్టుండి కోళ్ల మీద ప్రేమ పుట్టింది. పుట్టించింది ఒక దొరసాని. ఆవిడ భర్త చాలా పెద్ద అధికారి, ఎంత పెద్ద అంటే ఆయన పేరు మా ఆఫీసుల్లో గొంతు తగ్గించి పలికేవారు. ఆవిడకు సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, ఒక పత్రిక వచ్చేది. అందులో, యాపిల్ పండ్ల రసాన్ని పులియబెట్టి తీసిన వెనిగర్‌ను కోళ్లు తాగే నీళ్లలో కొద్దిగా కలిపితే జీర్ణశక్తి పెరుగుతుందని, ఈకలు నిగనిగలాడతాయని, ఎండదెబ్బ తగలదని రాశారట. ఆవిడ ఆ సంగతి టీ తాగుతూ ఎవరితోనో అన్నది. ఆ ఎవరో ఇంకొకరితో అన్నాడు. కోయిలకుంట్లకు చేరేసరికి ఆ మాట నంబరు, తేదీ ఉన్న ఉత్తర్వు అయింది. గాలన్ నీళ్లకు ఒక పెద్ద చెంచా వెనిగర్, వారానికి మూడు రోజులు, ఫలితాలు నెలవారీ నివేదికలో పదకొండో గడిలో నింపాలి.

ఉత్తర్వు వెంట ఒక సీసా వచ్చింది. మా తాలూకాలో యాపిల్ పండును కళ్లతో చూసినవాళ్లు నాకు తెలిసి లేరు, సీసా మీది బొమ్మే మొదటి దర్శనం. కాంపౌండరు ఖాదర్ సాహెబ్ మూత తీసి వాసన చూసి, "సిర్కా సార్ ఇది. మా ఇంట్లో ఊరగాయలకు పోస్తాము. దీనికి ఓడెక్కి రావల్నా?" అన్నాడు. ఆ సంగతే నేను జిల్లా అధికారిగారికి రాశాను, స్థానికంగా దొరికే సిర్కా సరిపోతుందేమో పరిశీలించమని. ఉత్తర్వులో యాపిల్ అని స్పష్టంగా ఉన్నదనీ, కొత్తగా చేరిన అధికారులు ఉత్తర్వులను శ్రద్ధగా చదవడం మంచిదనీ జవాబు వచ్చింది. అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఇక కోళ్ల షెడ్డు గురించి చెప్పాలి. ఊరికి పడమట క్రైస్తవుల పేట చివర, బేతంచెర్ల బండలు పరిచి, చుట్టూ కంబీ వల బిగించి ఒక షెడ్డు కట్టించారు. తెల్లగా ఉండే సీమజాతి కోళ్ల గుడ్లు తెప్పించి, పొదిగించి, పుంజులను పెంచి చుట్టుపక్కల ఊళ్లకు పంచాలని పథకం. ఆ సీమజాతి పెట్టలు గుడ్లు బాగానే పెడతాయి కానీ పొదగవు, అది వాటి జాతి లక్షణం. కనుక పొదగడానికి నాటు పెట్టలు కావాలి. ఆ పెట్టలు ఎలిశమ్మవి. షెడ్డు చూసుకునే మనిషి కూడా ఆమే.

ఎలిశమ్మకు యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త బేతంచెర్ల గనిలో బండ మీద పడి కాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఇంటిని నడిపేవి ఆమె పాతిక నాటుకోళ్లు. గుడ్లు సంతకు పోతే జొన్నలు ఇంటికి వచ్చేవి, అంతే వాళ్ల వ్యవసాయం. షెడ్డు పని ఇచ్చేటప్పుడు ఆమెకు అనుభవం ఏమున్నదని ఫారంలో ఒక ప్రశ్న ఉంది. "పుట్టినప్పట్నుంచీ కోళ్లు మేపుతాండా, ఇంకేం గావాల?" అని ఆమె అడిగింది. అధికారిగారు ఆ గడిలో "లేదు" అని రాయించారు.

ఆమె పద్ధతి సులువు. కోడిపిల్లలను తల్లి దగ్గరే తిరగనిచ్చేది. మట్టి మూకుళ్లలో నీళ్లు, ఎండలు ముదిరితే ఆ నీళ్లలో కాస్త పుల్ల మజ్జిగ తేట. మూకుళ్లను పొద్దున్నే బూడిద వేసి తోమేది. నేను వెళ్లినప్పుడు ఆ మజ్జిగ నీళ్లు చూసి, దొరసాని పత్రిక ఇంకాస్త ముందు ఈ పేటకు వచ్చి ఉంటే కనిపెట్టేందుకు ఏమీ మిగలకపోయేదే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

జూన్‌లో జిల్లా అధికారిగారు తనిఖీకి దిగారు. కోడిని ఆయన భోజనం పళ్లెంలో తప్ప పరీక్షగా చూసినట్టు నాకెప్పుడూ తోచలేదు. చేతికర్రతో మూకుళ్లను చూపించి, అవి రోగాల పుట్టలు, వెంటనే తీసివేయాలి అన్నారు. మజ్జిగ అశాస్త్రీయం. పిల్లలు నాటు తల్లుల దగ్గర తిరగడం మరీ అశాస్త్రీయం. మూడు రోజులకే స్టోర్సు నుంచి కొత్త జింకు తొట్లు నాలుగు దిగాయి. ఇనుప రేకుకు జింకు పూత పోసిన తొట్లు, తళతళలాడుతున్నవి. ఆయన సిఫారసు మీద మా జిల్లాకూ పక్క జిల్లాలకూ కొన్నవట. తొట్టిలో నీళ్లు పోశాము, వెనిగర్ కలిపాము, పిల్లలను తల్లుల నుంచి వేరు చేసి కంబీ వల లోపల వేశాము. తల్లులు వల బయట ఎలిశమ్మ గుమ్మం ముందు మిగిలిపోయాయి. ఆమె తన మూకుళ్లను పారేయకుండా వాటి కోసం అక్కడ పెట్టుకుంది.

మొదటి వారం పిల్లలు నీళ్లలో ముక్కు ముంచి తల విదిలించేవి. పదకొండో గడిలో "ఆసక్తితో తాగుచున్నవి" అని రాశాను. అలా రాయక ఇంకేం రాసినా వెనక్కి వచ్చేది.

రెండో వారం పిల్లలు ముడుచుకుని కూర్చోవడం మొదలైంది. మేత ముట్టవు, రెట్ట పచ్చగా పలచగా పడుతోంది. మూడు చచ్చాయి. నియమం ప్రకారం తెలియజేశాను. వెనిగర్ మోతాదు రెట్టింపు చేయమని జవాబు. చేశాము. ఇంకో ఏడు చచ్చాయి. మోతాదు మళ్లీ పెంచి, వారానికి మూడు రోజులు కాదు రోజూ పోయమని తంతి వచ్చింది. పోశాము, మరో పది చచ్చాయి. సీసాలకు మాత్రం కరువు రాలేదు, యాపిల్ తోటలే మా మీద పగబట్టినట్టు పెట్టెలు దిగాయి.

చచ్చినవాటిని నేనే కోసి చూశాను. కోళ్లలో అప్పట్లో మమ్మల్ని భయపెట్టే అంటురోగం ఒకటుంది. ఊళ్లలో కొక్కెర తెగులంటారు, మా పుస్తకాల్లో రాణిఖేత్. అందులో కోడి మెడ తిరగబడుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది, కడుపు కోస్తే కందనకాయకు ముందున్న సంచిలో ఎర్రటి నెత్తుటి చుక్కలు కనిపిస్తాయి. వీటిలో ఆ లక్షణాలు ఒక్కటీ లేవు. కందనకాయ లోపలి పొర మాత్రం ఎవరో గీకినట్టు చిట్లి, వేలితో తాకితే ఊడి వస్తోంది. ఏదో తినకూడనిది కడుపులో పడిందని తెలుస్తూనే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను.

అధికారిగారు కళేబరం చూడలేదు, నా నివేదిక చూశారు. చూశారనడం కూడా మర్యాద కోసమే. రాణిఖేత్ అని నిర్ణయించి, షెడ్డు పక్క పేటలోని నాటుకోళ్ల నుంచే రోగం సోకినందున ఆ పేటలో ఉన్న కోళ్లన్నిటినీ చంపించి, సున్నం వేసి పూడ్చి, వారం లోపల ధ్రువపత్రం పంపమని ఉత్తర్వు ఇచ్చారు. అలా చంపించే అధికారం చట్టంలో మాకు లేదు. కానీ ఆ పేటలో చట్టం చదివినవాళ్లు లేరు, గ్రామ మునసబుకు ఒక కాగితం చూపిస్తే చాలు. పేటలో కోళ్లలో సగం ఎలిశమ్మవే.

నేను ఆ మాట చెప్పడానికి వెళ్లాను. ఆమె కింద కూర్చుని మూకుడు తోముతోంది. విని, తోమడం ఆపలేదు.

"రోగం నా కోళ్లనుంచి వచ్చింటే, ముందు నా కోళ్లు గదా సామీ చావల్సింది?" అంది. "ఇవి ఈన్నే తిరుగుతాండాయి. ఆ వలకూ దీనికీ రెండడుగులు. ఒక్కటన్నా ముడుచుకున్యాదా చూడు."

చూశాను. ఒక్కటీ ముడుచుకోలేదు. ఒక పుంజు నా బూటు మీదెక్కి నిలబడింది.

"తొట్టి చూసినావా?" అంది మళ్లీ.

నేను తొట్టిని రోజూ చూస్తూనే ఉన్నాను, కానీ ఆమె చూపించేదాకా చూడలేదు. నెలన్నర కిందట అద్దంలా మెరిసిన తొట్టి నీళ్లు తగిలినంత మేరా బూడిద రంగుకు తిరిగి గరుకు తేలింది. అంచున తెల్లటి పొడి పేరుకుంది. ఎండకు నీళ్లు ఇగిరిపోయే కొద్దీ లోపలి పులుపు చిక్కబడుతోంది.

"కళాయి పోయిన గిన్నెలో చింతపులుసు కాంచుతారా సామీ యాడన్నా? కాంచి తింటే కక్కుకుని చస్తారు. కళాయి సాయిబు వచ్చేదాంక ఆ గిన్నె బోర్లించి పెడతాము. మీ ఇంట్లో ఆయమ్మను అడుగు, నేను చెప్పేది అబద్దమైతే."

ఇంటికి వెళ్లి అడగక్కర్లేకపోయింది. మా అమ్మ అదే మాట వెయ్యిసార్లు అన్నది నా చెవులతో విన్నాను. ఏడాదికి రెండుసార్లు వీధిలో కొలిమి పెట్టి రాగి గిన్నెలకు తగరపు కళాయి పూయించుకోని ఇల్లు మా వైపు లేదు. పులుపుకూ లోహానికీ పడదని వంటింట్లో ప్రతి ఆడమనిషికీ తెలుసు. వెనిగర్ తొట్టి జింకును కరిగించింది, పిల్లలు తాగింది ఆ జింకునే. రసాయనశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్న నాకూ, నాకంటే మంచి మార్కులు తెచ్చుకున్న మా అధికారిగారికీ, స్టోర్సులో తొట్లు కొన్న పెద్దమనుషులకూ ఆ మాట తోచలేదు. మేమెవరమూ గిన్నె తోమినవాళ్లం కాదు. ఆ నిమిషంలో నాకు కలిగిన సిగ్గు ఇప్పుడు రాస్తున్నా కలుగుతోంది.

రుజువు లేకుండా పైకి రాయడం వృథా. మిగిలిన పన్నెండు పిల్లలను రెండు గుంపులు చేశాను. రెండింటికీ ఒకే మేత, ఒకే మోతాదు వెనిగర్, ఆరింటికి మట్టి మూకుడు, ఆరింటికి జింకు తొట్టి. ఎలిశమ్మకు ఇది నచ్చలేదు.

"తెలిసినాంక గూడా ఆ ఆరిటికీ యందుకు పోయల్ల సామీ?"

"రుజువు కావాలి ఎలిశమ్మా."

"చచ్చిన ఇరవై చాలవా మీకు?"

చాలవని చెప్పాను, అది నిజం. మా ఆఫీసులో చావులు రుజువు కిందికి రావు, పట్టిక కావాలి.

పట్టిక తయారవడానికి అయిదారు రోజులు పడుతుంది. ఉత్తర్వుకు ఉన్న గడువు వారం, అందులో మూడు రోజులు అప్పటికే గడిచాయి. ఆ వ్యవధి సంపాదించింది ఖాదర్ సాహెబ్. పక్షులను వధించేటప్పుడు ఒక్కొక్క దాని రంగు, వయసు, గుర్తులు రాసి పంచనామా మూడు ప్రతులు తీయాలి కదా, ఆ ఫారాలు మన దగ్గర పశువులవే ఉన్నాయి, కోళ్లవి లేవు, తెప్పించుకోవద్దా అని ఆయన అమాయకంగా అడిగాడు. కోళ్ల ఫారాలు అసలు ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. వాటి కోసం అర్జీ పెట్టాను. వెతకడానికి వాళ్లకు పది రోజులు పట్టింది. ఎద్దుకు కొమ్ములెలా ఉన్నాయో రాసే ఫారంలో కోడిని ఎలా ఇరికించాలో తేలక జిల్లా ఆఫీసు కొన్నాళ్లు నిజంగానే తల పట్టుకుంది.

ఆ లోపల జింకు తొట్టి గుంపులో నాలుగు చచ్చాయి, కందనకాయలు మళ్లీ అలాగే ఉన్నాయి. మూకుడు గుంపులో ఆరూ మేత కోసం పొడుచుకుంటున్నాయి. ఎలిశమ్మ చచ్చిన నాలుగింటినీ నా ఎదుటే పూడ్చింది.

అధికారిగారు స్వయంగా వచ్చారు. పట్టిక చూశారు, తొట్టి చూశారు, ఈసారి కర్రతో కాకుండా వేలితో తాకి చూశారు. ఆయన మూర్ఖుడు కాడు. అర్థమైంది. అర్థమైన తర్వాత నన్ను పక్కకు పిలిచి మాట్లాడినది ఇప్పటికీ నాకు గుర్తుంది. తొట్లు తన సిఫారసు మీద కొన్నవి, వెనిగర్ ఎవరి ఇంటి నుంచి వచ్చిన ఆలోచనో నాకూ తెలిసిందే అన్నారు. తొట్టి తప్పని రాస్తే ఇద్దరు పెద్దవాళ్ల మీద రాసినట్టు. అలా కాకుండా, మోతాదు పెంచిన వెనిగర్ వల్ల తెగులు అణిగిందని రాస్తే ఏ గొడవా లేదు. తెగులు అణిగినప్పుడు పేటలో కోళ్లను చంపే అవసరమూ లేదు, ఆ ఉత్తర్వు తాను రద్దు చేస్తారు. ఈ షెడ్డులో మట్టి మూకుళ్లు వాడుకోమని నోటిమాటగా అనుమతిస్తారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం కూడా తన బల్ల మీదే ఉందని, ఏదో గుర్తొచ్చినట్టు, చివర అన్నారు.

అందులో నాకు ఎదురు చెప్పడానికి ఏమీ కనబడలేదు. కోళ్లు బతుకుతాయి, ఎలిశమ్మ ఇల్లు నిలబడుతుంది, నా ఉద్యోగం నిలబడుతుంది. నేను పట్టిక చించేసి కొత్త నివేదిక రాశాను. అందులో వెనిగర్ ఉంది, మోతాదు ఉంది, నా సంతకం ఉంది. తొట్టి అన్న మాట లేదు.

ఆ మరునాడు ఎలిశమ్మ ఆసుపత్రికి గుడ్లు పట్టుకుని వచ్చింది. నేను వద్దన్నా బల్ల మీద పెట్టింది.

"తొట్టి సంగతి రాసినావు గదా సామీ?" అని అడిగింది. "ఈ తొట్లు శానా ఊర్లకు పంపినారంట. ఆడ గూడా ఎవరన్నా మేపుతాంటారు."

"రాశానులే," అన్నాను.

ఆమె తల ఊపి వెళ్లిపోయింది. నమ్మింది. నమ్మకపోవడానికి ఆమెకు కారణమేమీ లేదు.

1940లో నన్ను రాయచోటికి మార్చారు. అక్కడ చార్జి తీసుకునేటప్పుడు ఆసుపత్రి సామాను లెక్క చూసుకోవాలి. వెనక వరండాలో జింకు తొట్లు ఒకదానిలో ఒకటి బోర్లించి ఉన్నాయి, లోపల అదే బూడిద రంగు, అంచున అదే తెల్లపొడి. ఫైలు తీయించాను. నా నివేదికను అచ్చు వేయించి అన్ని షెడ్లకూ పంపి ఉన్నారు. కోయిలకుంట్లలో ఫలించిన విధానం అని పైన శీర్షిక. నాకు ముందున్నాయన దాన్ని అక్షరం తప్పకుండా పాటించాడు. పిల్లలు చచ్చాయి, మోతాదు పెంచాడు, ఇంకా చచ్చాయి. కోయిలకుంట్లలో లొంగిన తెగులు ఇక్కడ లొంగలేదు కనుక ఇది మరింత ఉధృతమైన తెగులని తేల్చి, షెడ్డు చుట్టూ రెండు వీధుల కోళ్లను చంపించి సున్నం వేయించాడు. ఫారాలు కూడా సక్రమంగా నింపాడు, ఈసారి కోళ్ల ఫారాలు సిద్ధంగా ఉన్నాయి. అవి నా అర్జీ చూసి అచ్చు వేయించినవే.

ఆ వీధులకు వెళ్లాను. కోళ్లు లేని వీధి ఎలా ఉంటుందో అంతకు ముందు నాకు తెలియదు. ఒక ముసలాయన ఖాళీ గంప పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను.

"యాడనుంచి వచ్చినారు సార్?"

"కోయిలకుంట్ల."

"అట్లయితే ఆ మందు కనిపెట్టింది మీరేనంట గదా," అన్నాడు. ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో. విన్నది అడిగాడు, అంతే.

ఆ రోజే కూర్చుని తొట్టి విషయం పూర్తిగా రాసి పంపాను, రెండేళ్లు ఆలస్యంగా. ఈ విషయం ఇదివరకే కోయిలకుంట్ల నివేదిక ద్వారా పరిష్కారమైనదని, దాన్ని తిరగదోడనవసరం లేదని జవాబు వచ్చింది. కింద నా పాత నివేదిక నంబరు వేశారు.

కోడి ఎందుకు చచ్చిందో కడుపు కోస్తే తెలుస్తుంది. తెలిసిన సంగతి కాగితం మీద పెట్టకుండా ఒక పేట కోళ్లను కాపాడానని నేను అనుకున్నాను. రెండు వీధుల కోళ్లను చంపించింది ఆ కాగితమే, కింద ఉన్నది నా సంతకమే.